డబ్బా మీద 97 శాతం, పరిశోధన పేపర్లలో 40 నుంచి 80: కరోనా యాంటిజెన్ టెస్టు విషయంలో ఏ అంకె పట్టుకోవాలి?

కొత్తవిద్యార్థి:

అందరికీ నమస్తే. ల్యాబ్ టెక్నాలజీ చదువుతున్నాను, క్లాసులో సెమినార్ ఇవ్వాలి, నాకు పడిన టాపిక్ కరోనా ర్యాపిడ్ యాంటిజెన్ టెస్టులు ఎంతవరకు కరెక్టు అనేది. సెన్సిటివిటీ అంటే ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లలో ఎంతమందిని పట్టుకుంది, స్పెసిఫిసిటీ అంటే లేనివాళ్లలో ఎంతమందికి సరిగ్గా లేదని చెప్పింది, ఇంతవరకు తెలుసు. తలనొప్పి ఆ తర్వాత మొదలైంది.

ఒక కిట్‌లో వచ్చిన కాగితం చూస్తే సెన్సిటివిటీ 97 శాతం అని ఉంది. పరిశోధనలన్నీ కలిపి చూసిన కోక్రేన్ రివ్యూ 2022లో వచ్చింది, అందులో లక్షణాలు ఉన్నవాళ్లలో సగటున 73, లక్షణాలు లేనివాళ్లలో 55కి కాస్త తక్కువ. బ్రిటన్‌లోని లివర్‌పూల్‌లో 2020 చివర లక్షణాలు లేని జనానికి పెద్ద ఎత్తున టెస్టులు చేసినప్పుడైతే ఏకంగా 40. అదే స్ట్రిప్, అవే రెండు గీతలు, మరి ఇంత తేడా ఏంటి? కంపెనీలు అబద్ధం చెబుతున్నాయా, లేక పేపర్లు రాసినవాళ్లు వేరే ఏదో కొలుస్తున్నారా?

ఇంకో డౌటు. అన్నిచోట్లా ఆర్‌టీ-పీసీఆర్‌నే సత్యం అనుకుని దాంతో పోలుస్తున్నారు. అదే తప్పు చెబితే ఈ లెక్కలన్నీ ఏమవుతాయి? మా బ్యాచ్‌లో ఒకడు "పాజిటివ్ వస్తే ఖాయం, నెగెటివ్ వస్తే నమ్మకు, అంతే, దీనికో సెమినార్ ఎందుకు" అంటున్నాడు. వాడి నోరు మూయించేలా ఎవరైనా చెప్పండి ప్లీజ్.

నైట్‌డ్యూటీ:

అబద్ధం అక్కర్లేదండీ, ఎవరి మీద టెస్టు చేయాలో మనమే ఎంచుకునే వీలుంటే నిజాలతోనే 97 తెప్పించొచ్చు. ముందు టెస్టు ఏం చేస్తుందో చూడండి, మిగతాది దాని వెంటే వస్తుంది.

స్ట్రిప్ మీద వెతికేది ఎక్కువ కిట్లలో వైరస్ లోపలి న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్‌ని. శాంపిల్‌ని బఫర్‌లో, అంటే కిట్‌తో వచ్చే ద్రవంలో కలిపి చుక్కలు వేస్తే అది పాకుతూ పోయి, రంగు రేణువులు తగిలించిన యాంటీబాడీలని వెంటేసుకుని, టి గీత (ఫలితం చూపే గీత) దగ్గర ఉన్న ఇంకో యాంటీబాడీకి చిక్కుకుంటుంది. అలా తగినన్ని పోగుపడితేనే కంటికి గీతలా కనిపిస్తుంది. ఇందులో ఉన్నదాన్ని పెంచే దశ అంటూ లేదు. పీసీఆర్‌లో అలా కాదు, సైకిల్ సైకిల్‌కీ జన్యు పదార్థం దాదాపు రెట్టింపు అవుతూ పోతుంది, ఎన్నో సైకిల్‌కి మెషిన్‌కి కనిపించిందో అదే సీటీ వాల్యూ. తక్కువ సీటీ అంటే వైరస్ ఎక్కువ, మూడు సైకిళ్లు పైచిలుకు తేడా అంటే పది రెట్లు, పది సైకిళ్ల తేడా అంటే దాదాపు వెయ్యి రెట్లు. సీటీ 22 ఉన్న మనిషి, 34 ఉన్న మనిషి ఇద్దరూ రిపోర్టులో పాజిటివే. స్ట్రిప్‌కి మాత్రం మొదటివాడు కళ్ళెదుటే ఉన్నట్టు, రెండోవాడు అసలు లేనట్టు.

అందుకే సెన్సిటివిటీ అనేది కిట్‌కి పుట్టుకతో వచ్చిన గుణం కాదు, మీ శాంపిళ్లలో ఎక్కువ వైరస్ ఉన్నవాళ్లు ఎంతమంది అన్నదాన్ని బట్టి మారిపోతుంది. కోక్రేన్ వాళ్ల 2021 రివ్యూలో ఇది బాగా కనిపిస్తుంది: సీటీ 25 లేదా అంతకంటే తక్కువ ఉన్న శాంపిళ్లలో సగటు సెన్సిటివిటీ 94.5 శాతం, 25 దాటినవాటిలో 40.7. లివర్‌పూల్ లెక్కలోనూ మొత్తం మీద 40 అయినా, వైరస్ బాగా ఎక్కువ ఉన్నవాళ్లని మాత్రమే తీసుకుంటే 90.9.

ఇప్పుడు కంపెనీ కాగితం మళ్ళీ చదవండి, ఈసారి పెద్ద అంకె వదిలేసి కింద చిన్న అక్షరాలు. లక్షణాలు మొదలై అయిదు రోజులో ఏడు రోజులో దాటనివాళ్లు, కొన్నిసార్లు సీటీ 30 లోపు శాంపిళ్లు, స్వాబ్ తీసింది శిక్షణ ఉన్నవాళ్లు. సులువు పేపర్ ఇచ్చి పెట్టిన పరీక్షలో వచ్చిన మార్కులు అవి. మార్కులు దొంగవి కావు, పేపరే సులువు.

అలాగని అన్ని కిట్లూ ఒకటే అనుకోకండి. జర్మనీలో పాల్ ఎర్లిచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఒకే శాంపిళ్ల సెట్ మీద 122 కిట్లని పరీక్షించి 2021లో వేశారు, సీటీ 25 లోపు శాంపిళ్లలో కనీసం 75 శాతం పట్టాలి అని గీత గీస్తే 96 కిట్లు పాసయ్యాయి, 26 ఫెయిలు. బాగా వైరస్ ఉన్న శాంపిళ్లలోనే ఫెయిలయ్యాయంటే ఆ కిట్లు నిజంగానే నాసిరకం. కిట్లని ఒకదాంతో ఒకటి పోల్చాలంటే ఇదే పద్ధతి, ఒకే శాంపిళ్లు అన్నిటికీ వేయాలి. వేర్వేరు పేపర్లలోంచి తలా ఒక అంకె తీసుకొచ్చి పక్కపక్కన పెట్టి ఈ కిట్ బెస్టు అని తేల్చే స్లైడు మాత్రం దయచేసి వేయకండి, ప్రతి సెమినార్‌లో ఒకటి ఉంటుంది అది.

లెక్కలమాస్టారు:

నైట్‌డ్యూటీ గారు చెప్పింది బాగుంది కానీ ఆ 90.9 దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఆ పేపర్‌లో అది 11 మందిలో 10 మంది. అవును, పదకొండే. దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే అసలు అంకె ఉండగల హద్దులు, 58.7 నుంచి 99.8 దాకా ఉంది, అంటే దాదాపు ఏమైనా కావచ్చు. 40 శాతం అన్నది కూడా 70 మందిలో 28, దాని ఇంటర్వల్ 28.5 నుంచి 52.4. టెస్టు చేసింది 5,869 మందికి, వినడానికి గొప్పగా ఉంటుంది, కానీ సెన్సిటివిటీ లెక్కకి పనికొచ్చేది పాజిటివ్ ఉన్న ఆ 70 మందే. మిగతా వేలమందీ స్పెసిఫిసిటీ లెక్కలోకి పోతారు. ఈ సంగతి చాలామంది గమనించరు, "దాదాపు ఆరువేల మంది మీద చేసిన అధ్యయనం" అని వార్తలు రాసేస్తారు.

కిట్ కాగితంలో 97 కూడా ఇలాగే విప్పి చూడండి. ఉదాహరణకి 30 మంది పాజిటివ్‌లలో 29 మందిని పట్టింది అనుకుందాం, 97 శాతం సరిగ్గా వచ్చింది. ఇంటర్వల్ లెక్క కడితే సుమారు 83 నుంచి 99. అసలు సెన్సిటివిటీ 85 ఉన్న కిట్‌కి కూడా అదృష్టం బాగుంటే 97 పడొచ్చు. కాబట్టి శాతం కనిపించగానే కింద ఎంతమంది అని అడగడం అలవాటు చేసుకోండి.

ఇక మీ ఫ్రెండు సూత్రం. పాజిటివ్ వస్తే ఖాయం అన్నాడు కదా, జబ్బు ఊరంతా ఉన్నప్పుడు ఖాయమే, లేనప్పుడు కాదు. లెక్క చేద్దాం, ఉదాహరణే, కోక్రేన్ సగటులు తీసుకుంటున్నా.

లక్షణాలు లేని 10,000 మందికి టెస్టు చేశాం, వాళ్లలో నిజంగా ఉన్నది 50 మందికి. సెన్సిటివిటీ 55 అంటే సుమారు 27 మంది దొరుకుతారు. మిగతా 9,950 మందిలో స్పెసిఫిసిటీ 99.7 అంటే దాదాపు 30 మందికి ఊరికే పాజిటివ్ వస్తుంది. మొత్తం 57 పాజిటివ్‌లలో సగానికి పైగా ఉత్తివే! 99.7 లాంటి అంకె చూసి "ఇంకేం కావాలి" అనుకునే చోటే ఇది జరుగుతుంది.

ఇప్పుడు కేసులు బాగా ఉన్న రోజుల్లో జ్వరం, దగ్గుతో వచ్చిన 1,000 మందిని తీసుకోండి, వాళ్లలో 400 మందికి నిజంగా ఉంది. సెన్సిటివిటీ 73 అంటే 292 మంది దొరికారు, 108 మంది జారిపోయారు. లేని 600 మందిలో స్పెసిఫిసిటీ 99.1తో ఓ అయిదుగురికి తప్పు పాజిటివ్. ఇక్కడ పాజిటివ్ వస్తే 98 శాతం నిజం, దానికి పీసీఆర్ కూడా దండగ. కానీ నెగెటివ్ వచ్చిన 703 మందిలో 108 మందికి ఉంది, అంటే నూటికి 15 మంది. "నెగెటివ్ వచ్చింది, మామూలు జలుబే" అని తిరిగేది వీళ్లే.

అదే కిట్, అదే రంగు గీత, అర్థం మాత్రం టెస్టు చేయించుకున్న మనిషి ఎవరు అన్నదాన్ని బట్టి తిరగబడింది. మీ ఫ్రెండు సూత్రం రెండో గుంపుకి పనికొస్తుంది, మొదటి గుంపుకి తలకిందులు: అక్కడ నెగెటివ్‌నే ఎక్కువ నమ్మొచ్చు, ఎందుకంటే ముందే చాలామందికి లేదు కాబట్టి.

కాగితం మీద లెక్క అనుకుంటారేమో, కెనడాలో పని చేసే చోట్ల ఉద్యోగులకి చేసిన టెస్టుల లెక్క 2022లో జామా పత్రికలో వచ్చింది. తొమ్మిది లక్షలకు పైగా టెస్టులు, పాజిటివ్ వచ్చింది 1,322, వాటిలో పీసీఆర్ ఫలితం దొరికిన 1,103లో 462 ఫాల్స్ పాజిటివ్. మొత్తం టెస్టుల్లో చూస్తే 0.05 శాతమే, పాజిటివ్‌ల లెక్కలో చూస్తే 42 శాతం. రెండూ నిజమే. పైగా ఆ 462లో 60 శాతం రెండే రెండు పనిస్థలాల్లో, కొద్దిరోజుల్లోనే వచ్చాయి, కిట్లు ఒకే బ్యాచ్‌వని తేలింది. అంటే ఫాల్స్ పాజిటివ్‌లు ఎప్పుడూ సమానంగా చల్లినట్టు రావు, ఒక చెడ్డ బ్యాచ్ వస్తే గుంపుగా వస్తాయి. ఒకే చోట ఒక్కసారిగా లేనిపోని పాజిటివ్‌లు వస్తుంటే మనుషుల కన్నా ముందు డబ్బా మీద బ్యాచ్ నంబర్ చూడాలి.

వైరస్‌వేదాంతి:

ఇంతసేపూ ఇద్దరూ పీసీఆర్‌తో పోల్చే మాట్లాడారు, అసలు గొడవ అక్కడే ఉంది. పీసీఆర్ చూసేది ఆర్‌ఎన్‌ఏ ముక్కలని, బతికున్న వైరస్‌ని కాదు. తగ్గిపోయి మామూలుగా తిరుగుతున్నవాళ్లలో కూడా వారాల తరబడి పీసీఆర్ పాజిటివ్ వస్తూనే ఉంటుంది. ఆ మనిషి ఎవరికీ అంటించడు. అతన్ని యాంటిజెన్ టెస్టు "నెగెటివ్" అంటే మనం దాన్ని ఫాల్స్ నెగెటివ్ ఖాతాలో వేసి సెన్సిటివిటీ కోస్తున్నాం. ఇది అన్యాయం కాదా?

మన ప్రశ్న "ఇవాళ ఈ మనిషి అంటిస్తాడా" అయితే పోల్చాల్సింది కల్చర్‌తో, అంటే శాంపిల్‌లోని వైరస్ ల్యాబ్‌లో కణాల మీద పెరుగుతుందా అని చూసే పద్ధతితో. అమెరికాలో అరిజోనా రాష్ట్రం పీమా కౌంటీలో 2020 నవంబర్‌లో చేసిన పరిశీలన చూడండి, బైనాక్స్‌నౌ కిట్. పీసీఆర్‌తో పోలిస్తే లక్షణాలు ఉన్నవాళ్లలో 64.2, లేనివాళ్లలో 35.8. ఘోరంగా ఉంది కదా? కల్చర్‌లో వైరస్ పెరిగిన శాంపిళ్లు మాత్రమే తీసుకుంటే అవే రెండు 92.6, 78.6. అదే కిట్, అవే శాంపిళ్లు. ప్రశ్న మారింది, జవాబు మారింది. జనం మాత్రం 35.8 పట్టుకుని "నాణెం ఎగరేసినా ఇంతకంటే బాగా చెబుతుంది" అని ఎగతాళి చేశారు. నాణెం స్పెసిఫిసిటీ కూడా 50 అని వాళ్లకి ఎవరూ చెప్పలేదు పాపం.

నైట్‌డ్యూటీ:

@వైరస్‌వేదాంతి, పాయింట్ ఒప్పుకుంటా కానీ ఆ కల్చర్ వాదనని కిట్ల కంపెనీలు ఎంత ఇష్టంగా వాడుకున్నాయో కూడా చూడాలి కదండీ. కల్చర్ కూడా సత్యం కాదు. ఏ కణాల మీద పెంచారు, శాంపిల్ ఎంతసేపు బయట ఉంది, ఎన్నిసార్లు గడ్డకట్టించి కరిగించారు, వీటన్నిటి మీదా ఆధారపడుతుంది. బతికున్న వైరస్ ఉన్నా పెరగని సందర్భాలు బోలెడు. అందుకని "కల్చర్ నెగెటివ్ కాబట్టి అంటించడు" అని వెనక నుంచి తీర్పు చెప్పడానికి లేదు. మీరు ఇచ్చిన అంకెల్లోనే, లక్షణాలు లేకుండా కల్చర్ పాజిటివ్ ఉన్నవాళ్లలో అయిదుగురికి ఒకరిని కిట్ వదిలేసింది. అంటించగలిగినవాళ్లనే వదిలేసింది, ఆర్‌ఎన్‌ఏ ముక్కలున్నవాళ్లని కాదు.

ఇంకోటి, ఎక్కువ సీటీ అంటే తగ్గిపోతున్న మనిషి అని ఎందుకు అనుకుంటున్నాం? ఇప్పుడే మొదలవుతున్న మనిషికి కూడా ఎక్కువ సీటీనే ఉంటుంది. పొద్దున నెగెటివ్, రేపటికి వైరస్ ఎన్నో రెట్లు. బ్రిటన్‌లో ఆరోగ్యంగా ఉన్న కుర్ర వాలంటీర్లకి కావాలని వైరస్ ముక్కులో వేసి రోజూ గమనించిన అధ్యయనం ఒకటి 2022లో వచ్చింది, 18 మందికి ఇన్ఫెక్షన్ అంటుకుంది. వాళ్లలో వైరస్ ముందు గొంతులో కనపడి, తర్వాత ముక్కులో కనపడింది, ముక్కులోనే ఎక్కువ స్థాయికి పెరిగింది, సగటున అయిదో రోజు ప్రాంతంలో గరిష్ఠం. అంటే మొదట్లో ముక్కులోంచి తీసిన స్వాబ్ మీద స్ట్రిప్ నెగెటివ్ చూపిస్తుంటే గొంతులో అప్పటికే పని మొదలై ఉండొచ్చు.

విద్యార్థి గారూ, పీసీఆర్ తప్పు చెబితే ఏమవుతుంది అని అడిగారు, దానికి సగం జవాబు వేదాంతి గారు చెప్పారు, సగం మిగిలింది. స్వాబ్ సరిగ్గా తీయకపోతే రెండు టెస్టులూ కలిసే నెగెటివ్ ఇస్తాయి, ఆ మనిషి ఎవరి లెక్కలోనూ తప్పుగా కనపడడు, కిట్ సెన్సిటివిటీ ఉన్నదానికంటే మంచిగా కనపడుతుంది. ఒకవేళ పీసీఆర్ ఒక్కటే తప్పి కిట్ పట్టుకుంటే, పాపం కిట్ కరెక్టుగా చెప్పినా ఫాల్స్ పాజిటివ్ అని రాసుకుంటాం. మంచి అధ్యయనాల్లో అందుకే అలాంటివాళ్లకి మళ్ళీ పీసీఆర్ చేస్తారు, లేదా తర్వాతి రోజుల్లో గమనిస్తారు. సీటీ విషయంలో ఇంకో చిక్కు, ఒక ల్యాబ్‌లో 25 అన్నది ఇంకో ల్యాబ్‌లో 25 కాదు, మెషిన్, కెమికల్స్, ఏ జీన్ చూస్తున్నారు అన్నదాన్ని బట్టి కొన్ని సైకిళ్లు అటూ ఇటూ అవుతుంది. ఒక పేపర్‌లో సీటీ 25 లోపు, ఇంకో పేపర్‌లో సీటీ 25 లోపు అని పక్కపక్కన పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

గడపదాటని_జీవి:

పెద్దలంతా గొప్పగా మాట్లాడుకుంటున్నారు, మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. నాకు సెమినార్ లేదు, జలుబు ఉంది. టెస్టు చేసుకుంటే సి గీత (టెస్టు సరిగ్గా నడిచిందని చూపేది) గట్టిగా, టి గీత ఉందా లేదా అన్నట్టు లేతగా వచ్చింది, ఫోన్ లైటు వేసి చూస్తే ఉంది, తీసేస్తే లేదు. టెన్షన్‌గా ఉంది. పాజిటివా కాదా?

నైట్‌డ్యూటీ:

@గడపదాటని_జీవి, కిట్ కాగితంలో చెప్పిన టైము లోపల చూశారా? ఎక్కువ కిట్లకి 15 నిమిషాలు, కొన్నిటికి 10 నుంచి 20, ఏదైనా సరే దానిమీద రాసిందే పాటించాలి. ఆ టైములో చూసినప్పుడు రంగు గీత ఉంటే ఎంత లేతగా ఉన్నా పాజిటివే. అరగంట, గంట తర్వాత చూస్తే స్ట్రిప్ ఎండుతూ బూడిదరంగులో ఒక చార పడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. లైటు వేస్తేనే కనపడింది అంటున్నారు కాబట్టి రేపు ఇంకో కిట్‌తో చేయండి, నిజమైతే గీత ముదిరే అవకాశం ఉంది. అప్పటిదాకా పాజిటివ్ అనే అనుకుని దూరంగా ఉండండి. ఆయాసం అనిపించినా, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నా టెస్టులతో ఆడుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

కొత్తవిద్యార్థి:

అమ్మో, రెండు రాత్రులకి సరిపడా చదువు ఇచ్చారు అందరూ. మాస్టారూ, మీ రెండు లెక్కలూ యథాతథంగా బోర్డు మీద వేస్తా, ఏమనుకోరుగా. ఇంకా మూడు అడగాలి. ఒకటి, ఇంట్లో సొంతంగా చేసుకుంటే ఎంత తగ్గుతుంది? రెండు, ఒమిక్రాన్ వచ్చాక కిట్లు పనిచేయడం మానేశాయి అని ప్రచారం జరిగింది, నిజమా? మూడు, ఒక్క టెస్టు 55 శాతమే పడితే రెండుసార్లు చేస్తే సరిపోతుందిగా, వదిలింది 45, అందులో మళ్ళీ 45 వదిలితే 20, అంటే మొత్తం 80 శాతం పట్టినట్టు. ఈ లెక్క కరెక్టేనా?

లెక్కలమాస్టారు:

వేసుకోండి, లెక్కలకి కాపీరైటు లేదు.

మూడోది నాది. 80 రావాలంటే రెండు టెస్టులూ ఒకదానికి ఒకటి సంబంధం లేకుండా తప్పాలి. వెంటవెంటనే చేస్తే అలా తప్పవు. వైరస్ తక్కువ ఉన్నందుకు మొదటిది వదిలేస్తే, పది నిమిషాల తర్వాత చేసినదీ అదే కారణానికి వదిలేస్తుంది. ఒకే ప్రశ్న ఒకే మనిషిని రెండుసార్లు అడిగినట్టే. కానీ మధ్యలో రెండు రోజులు గ్యాప్ ఇస్తే కథ వేరు, ఈలోగా వైరస్ పెరుగుతుంది, పెరిగితే స్ట్రిప్‌కి అందుతుంది. రెండోసారి టెస్టు చేయడంలో లాభమంతా ఆ గ్యాప్‌లోనే ఉంది. అమెరికాలో మందులు, టెస్టుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 ఆగస్టులో ఇచ్చిన సలహా కూడా ఇదే: లక్షణాలు ఉండి నెగెటివ్ వస్తే 48 గంటల తర్వాత మళ్ళీ, మొత్తం కనీసం రెండు టెస్టులు. లక్షణాలు లేకుండా, కరోనా ఉన్నవాళ్ల దగ్గర ఉండి వచ్చామన్న అనుమానం ఉంటే 48 గంటల తేడాతో కనీసం మూడు. ఒక్క నెగెటివ్‌తో నిశ్చింతగా ఉండకండి అని సర్కారీ భాషలో చెప్పడం అన్నమాట.

వైరస్‌వేదాంతి:

ఒమిక్రాన్ సంగతి నేను చెబుతా. దాంట్లో ఎక్కువ మార్పులు జరిగింది స్పైక్ ప్రోటీన్‌లో, అంటే వైరస్ బయటి ముళ్లలో. కిట్లు వెతికేది న్యూక్లియోక్యాప్సిడ్‌ని అని నైట్‌డ్యూటీ గారు మొదట్లోనే చెప్పారు, అక్కడ కూడా కొన్ని మార్పులున్నా స్పైక్‌లో ఉన్నన్ని కాదు. కాబట్టి ఒక్కసారిగా అన్ని కిట్లూ గుడ్డివైపోవడం లాంటిదేమీ జరగలేదు. అయితే ఏ కిట్‌లో యాంటీబాడీ ప్రోటీన్‌లో ఏ చోట అంటుకుంటుందో అక్కడే మార్పు వస్తే ఆ కిట్ దెబ్బతింటుంది, అలా కొన్ని కిట్ల విషయంలో హెచ్చరికలు వచ్చాయి కూడా. ప్రతి కొత్త వేరియంట్‌కీ కిట్‌ని మళ్ళీ పరీక్షించి చూడాల్సిందే, పాత అంకెని మోసుకుపోకూడదు. అదొక్కటే కాదు, టీకాలూ పాత ఇన్ఫెక్షన్లూ అయ్యాక జనానికి లక్షణాలు మొదలయ్యే టైముకీ వైరస్ గరిష్ఠానికి వచ్చే టైముకీ మధ్య లెక్క కూడా మారింది, 2020 పేపర్‌లో "లక్షణాలు మొదలైన మొదటి వారం" అన్నదీ ఇప్పటిదీ ఒకటే అనుకోకండి.

నైట్‌డ్యూటీ:

ఇక మిగిలింది మీ మొదటి ప్రశ్న, ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్ల పనితనం. బ్రిటన్‌లో ఇన్నోవా కిట్ మీద చేసిన తొలి పరిశీలనలో ల్యాబ్ సైంటిస్టులు చేస్తే దాదాపు 79 శాతం, కాగితం చూసి సొంతంగా నేర్చుకున్న మామూలు మనుషులు చేస్తే దాదాపు 58. అన్నిచోట్లా ఇంత తేడా రాలేదు, నేరుగా పక్కపక్కనే పోల్చిన కొన్ని అధ్యయనాల్లో తేడా చిన్నదే. తేడా ఎక్కడ వస్తుందో ఊహించడం కష్టం కాదు: స్వాబ్ ముక్కు అంచులో అలా తాకించి తీసేయడం, బఫర్‌లో సరిగ్గా పిండకపోవడం, చుక్కలు తక్కువ వేయడం, ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా ఉండగానే వాడేయడం. బఫర్ అసలు వాడకుండా కూల్‌డ్రింక్ పోసి పాజిటివ్ తెప్పించి వీడియోలు పెట్టినవాళ్లు గుర్తున్నారా, ఆ డ్రింకుల్లో ఉన్న ఆమ్లానికి యాంటీబాడీలు గాడి తప్పి గీత పడేలా చేస్తాయి, దానికీ కరోనాకీ ఏ సంబంధం లేదు. బఫర్ ఉన్నదే ఆ ఆమ్లగుణాన్ని అదుపులో పెట్టడానికి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టిన కనీస గీత సెన్సిటివిటీ 80, స్పెసిఫిసిటీ 97. దాన్ని కోక్రేన్ సగటుల పక్కన పెట్టి చూపిస్తే క్లాసులో చర్చ దానంతట అదే మొదలవుతుంది. లక్షణాలు మొదలైన మొదటి వారంలో సగటు 80.9, బొటాబొటీగా దాటింది. రెండో వారంలో 53.8.

చివరగా పేపర్ చదివేటప్పుడు నేను చూసేవి చెబుతా, సెమినార్‌లో ప్రశ్నలొస్తే పనికొస్తాయి. మనుషులని వరసగా తీసుకున్నారా, లేక ముందే పీసీఆర్ పాజిటివ్ తెలిసినవాళ్లని ఏరి తెచ్చారా. స్ట్రిప్ చదివిన మనిషికి పీసీఆర్ ఫలితం అప్పటికే తెలుసా, తెలిస్తే లేత గీతలన్నీ అతని కంటికి ఎటు కావాలంటే అటే కనపడతాయి. శాంపిల్ అప్పటికప్పుడు తాజాగా వాడారా, లేక ట్రాన్స్‌పోర్ట్ ద్రవంలో పలచబడి ఫ్రీజర్‌లో ఉన్నది వాడారా, అలా వాడితే కిట్‌కి అన్యాయం జరిగే అవకాశం ఉంది. గీత సరిగ్గా రాని, చెల్లని టెస్టులని ఏం చేశారు, లెక్కలోంచి తీసేశారా. ఇంకా, ఒకే మనిషి నుంచి రెండు స్వాబ్‌లు తీసినప్పుడు ఏది ముందు తీశారు, కిట్‌దా పీసీఆర్‌దా. మొదటి స్వాబ్‌కే ఎక్కువ సరుకు వచ్చేస్తే రెండోదానికి మిగిలింది తక్కువ కావొచ్చు, మంచి పేపర్లలో ఆ వరస కూడా చీటీ తీసినట్టు మార్చి మార్చి తీస్తారు. ఇది రాయని పేపర్ దొరికితే పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టుకోండి.